మార్త పెద్దమనిషైన సంగతి

కొత్తలంక
20 జనవరి 1974

చెల్లి అమలకు,

మీ అక్క తెరేసమ్మ దీవించి రాయించేది. మేమంతా కులాసా. నువ్వూ కులాసా అని తలుస్తాను. ఎప్పట్లాగే మార్త చేత రాయిస్తున్నాను. అక్షరాలు బాగుంటే దాని గొప్ప, తప్పులుంటే దాని పరధ్యానం.

శుభవార్త. క్రిస్మసు వెళ్ళిన రెండో వారంలో మన సంపూర్ణం పెద్దమనిషైంది. మార్త కూడా అదే వారంలో అయింది. అక్కాచెల్లెళ్ళిద్దర్నీ ఒకే తాటాకు చాప మీద కూర్చోబెట్టాం. మీ బావగారు గుడిలో ప్రార్థనలు చెప్పించే ఉపదేశి కదా, ఊళ్ళో రాని గడప లేదు. స్వాములవారు పక్క ఊళ్ళో పూజ ముగించుకుని వచ్చి, ఇద్దరి తలల మీదా చెయ్యి పెట్టి ప్రార్థన చేసి వెళ్ళారు. గన్నవరం నుంచి సువార్తమ్మ వదిన వచ్చి మేనత్త లాంఛనంగా మార్తకు ఆకుపచ్చ ఓణీ పెట్టింది. నువ్వే లేవు. కాలేజీలో పరీక్షలన్నావు. నీ వాటా చిమ్మిలి డబ్బాలో పెట్టి బస్సు డ్రైవరు చేతికిచ్చాను, మెత్తబడకముందే తిను.

ఇంకో మాట. మార్తకు కాస్త నీరసంగా ఉంటోంది. ఆడపిల్లలకు రావలసినవి వేళకు వచ్చేట్టు చేసే టానిక్కులు బెజవాడలో దొరుకుతాయట. ఒక సీసా పంపు. డాక్టర్లకి చూపించడాలు, సూదులు పొడిపించడాలు వద్దు. ఊరికే అడిగి పంపు, చాలు.

మార్త ఇంకా గుడి అరుగు మీద ఆరేళ్ళ పిల్లలతో అచ్చనగండ్లు ఆడుతోంది. దానికి బుద్ధి లేదని రాయమన్నాను. రాస్తోంది. నవ్వుతోంది కూడా.

మీ అక్క
తెరేసమ్మ


విజయవాడ
29 జనవరి 1974

అక్కా,

చిమ్మిలి అందింది. డబ్బా మూత కూడా తియ్యలేదు. నువ్వు నిజం చెప్పాక తింటాను.

మూడు వారాల కిందట పెద్దమనిషైన పిల్లకు రావలసినవి వేళకు రావడం లేదని రెండు వారాలకే ఎలా తెలిసింది నీకు? రెండో నెల రావాలి కదా వేళ తప్పిందో లేదో తెలియడానికి? ఆ మాత్రం లెక్క తెలుసుకోవడానికి జంతుశాస్త్రం పాఠాలు చెప్పుకునే లెక్చరరే కానక్కర్లేదు.

క్రిస్మసుకి వచ్చినప్పుడు మార్తకు తలంటింది నేను. పదహారు నిండి పదిహేడు నడుస్తున్న పిల్లకు పదేళ్ళ పిల్ల ఒళ్ళు. ఎక్కడా ఏ మార్పూ లేదు. సంపూర్ణం దానికంటే మూడేళ్ళు చిన్నది, దాని భుజం దాటి ఎదిగిపోయింది. ఆ పూటే నీతో అన్నాను, దీన్ని ఒకసారి ఎవరికన్నా చూపిద్దామని. "మన వంశంలో అంతా ఆలస్యమేలే" అని మాట దాటేశావు. మన వంశంలో నేనున్నాను, నువ్వున్నావు. మనిద్దరికీ ఏం ఆలస్యమైంది?

చెయ్యకూడని పని ఏదో చేశావని నా అనుమానం. అనుమానం తప్పని రాయి, నీ కాళ్ళు పట్టుకుంటాను.

అమల


కొత్తలంక
6 ఫిబ్రవరి 1974

అమలా,

నీకు చదువు ఎక్కువైంది. అక్కనని కూడా చూడకుండా పోలీసోళ్ళు అడిగినట్టు అడుగుతున్నావు. సరే, విను. మార్త కాలేదు.

సంపూర్ణం అయిన పొద్దున నాకు సంతోషం కలగలేదే, గుండెల్లో రాయి పడింది. చిన్నదాన్ని చాప మీద కూర్చోబెడితే వచ్చిన ప్రతి ఆడదీ పెద్దదాని వంకే చూస్తుంది. ఇదింకా కాలేదా అని ఒకతె పైకే అంటుంది, అననిది పక్కదాని చెవిలో ఊదుతుంది. ఉపదేశి గారి పెద్దమ్మాయి గొడ్డుదట అని రెండు ఆదివారాలు తిరక్కుండా ముదినేపల్లి దాకా పాకుతుంది. అందుకని మార్తను కూడా వెళ్ళి చెల్లెలి పక్కన కూర్చోమన్నాను. కూర్చుంది. ఎందుకని అడగలేదు. దానికి ఏం చెబితే అది చేస్తుంది, బంగారం. మీ బావగారికి కూడా తెలీదు. మగాళ్ళకెందుకు ఇవన్నీ?

ఇందులో ఎవరి కొంప మునిగింది? రేపో మాపో అయ్యేదాన్ని ముందే అయిందన్నాను. అంతే.

సువార్తమ్మ వదిన తన కొడుకు అంతోనికి మార్తను అడిగింది. ఆటోనగర్లో లారీలకు బాడీలు కట్టే షెడ్డులో పని చేస్తున్నాడు. తాగడు, తిరగడు. మేనరికానికి స్వాములవారు అనుమతి తెప్పిస్తానన్నారు. తపస్సు కాలంలో పెళ్ళిళ్ళు చెయ్యరు కాబట్టి వచ్చే ఏడు అది మొదలయ్యేలోగా కానిద్దామంది వదిన. ఈలోగా ఒక్కసారి కనబడితే చాలు నాకు. తరవాత సంగతి దేవుడు చూసుకుంటాడు.

నీకు కోపం వస్తుందని తెలుసు. అమ్మ మంచాన పడ్డప్పుడు నువ్వు సిస్టర్ల హాస్టల్లో చదువుకుంటున్నావు. పొయ్యి దగ్గర నేనున్నాను. నీకు ఎమ్మెస్సీ వచ్చింది, నాకు సంతకం రాకుండా పోయింది. నా కూతురి సంగతి నా కూతురి చేతే రాయించుకోవాల్సిన గతి పట్టింది నాకు. మాట తూలే ముందు అది గుర్తు పెట్టుకో.

తెరేసమ్మ


విజయవాడ
17 మార్చి 1974

అక్కా,

మార్తను డాక్టరమ్మకు చూపించి, మిమ్మల్ని బస్సెక్కించి వచ్చాక కూడా నా కోపం దిగలేదు. బస్సు కదిలేదాకా నువ్వడిగింది ఒకటే మాట, "ఎన్నాళ్ళకు కనబడుతుందంటావ్?" అని. డాక్టరమ్మ చెప్పిందంతా నీ ఒక చెవిలోంచి దూరి రెండో చెవిలోంచి పోయింది. అందుకే మళ్ళీ రాస్తున్నాను. ఒకటికి రెండుసార్లు చదివించుకో.

మణికట్టు ఎక్స్‌రేలో మార్త ఎముకలు పన్నెండేళ్ళ పిల్లకున్నట్టు ఉన్నాయి. లోపల ఉండాల్సినవన్నీ ఉన్నాయి. ఇక పని మొదలుపెట్టండని వాటికి కబురు పంపాల్సింది మెదడు అడుగున శనగగింజంత గ్రంథి. ఆ కబురు రాలేదు. ఎందుకు రాలేదో డాక్టరమ్మకు కూడా తెలీదు. అది గొడ్డుతనమూ కాదు, ఎవరి దిష్టీ కాదు, నువ్వు చేసిన పాపమూ కాదు. ఆ కబురు అందక ఒంట్లో తయారు కాని హార్మోనును మాత్రలో ఇస్తున్నారు. మొదట చిన్న మోతాదు, తరవాత పెంచుతారు. రెండు మూడేళ్ళు తప్పకుండా వాడాలి. ఆ తరవాత కూడా వాడాల్సి రావచ్చు. పిల్లలు పుడతారా అన్నదానికి ఇప్పుడేమీ చెప్పలేనంది. ఈ సంగతి సువార్తమ్మ వదినకు పెళ్ళిమాటలకు ముందే చెప్పాలి. చెబుతానని నాకు మాటిచ్చావు.

ఇక డాక్టరమ్మ చెప్పనిది నేను చెబుతాను. ఈ మాత్ర గర్భసంచీకి వేసే ఎరువు అనుకుంటున్నావు నువ్వు. కాదు. అది రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరుగుతుంది, మెదడుకూ చేరుతుంది. దాన్ని అందుకునే చోట్లు మెదడులో ప్రత్యేకంగా ఉన్నాయి. ఈడొచ్చిన పిల్లలకు ఉన్నట్టుండి అమ్మ మాట చేదవుతుంది, స్నేహితురాలి మాట తీపవుతుంది. సిగ్గు వస్తుంది, పంతం వస్తుంది. ఎవర్ని నమ్మాలి, ఎవరికి ఎదురు చెప్పాలి, నలుగురిలో ఎలా నిలబడాలి అన్నది మెదడు నేర్చుకునే కాలం అదే. ఆ వయసులో తోటివాటి నుంచి విడదీసి పెంచిన జంతువులు పెద్దయ్యాక మందలో ఇమడలేవు. బావను అడుగు. లేతగా ఉన్నప్పుడే విత్తు నొక్కించిన కోడెకూ, ముదిరాక నొక్కించినదానికీ తేడా ఏమిటని. ముదిరాక నొక్కిస్తే ఎద్దయినా పాత పొగరు పోదంటాడు. ఎందుకు పోదు? అప్పటికే అది మెదడులో పాతుకుపోయింది కనక. మనుషుల్లో ఇదంతా ఎంతవరకు నిజమో ఎవరికీ పూర్తిగా తెలీదు, నాకూ తెలీదు. కానీ మార్త పదిహేడేళ్ళొచ్చినా అచ్చనగండ్లాడేది బుద్ధి లేక కాదని మాత్రం నాకు తెలుసు.

కాబట్టి మాత్ర ఒక్కటే చాలదు. ముదినేపల్లిలో సిస్టర్లు నడిపే కుట్టుపని క్లాసుకు పంపు. దాని ఈడు పిల్లలుంటారు. వాళ్ళతో తిరగనీ, పోట్లాడనీ. ఇంట్లో బిందెలు మొయ్యడానికి ఇంకెవర్నన్నా చూసుకో.

అమల


కొత్తలంక
28 ఆగస్టు 1974

అమలకు,

నువ్వు చెప్పినట్టే మాత్రలు వేయిస్తున్నాను, కుట్టుపనికి పంపిస్తున్నాను. ఒళ్ళు కాస్త చేసింది, పొడుగూ అయింది. పాత జాకెట్లు పట్టడం లేదు. కనబడటం మాత్రం ఇంకా కనబడలేదు.

కానీ ఇదేం మందే తల్లీ! పిల్ల నాకు దక్కకుండా పోతోంది. ఇదివరకు పిలిస్తే పలికేది, కూర్చోమంటే కూర్చునేది, నిలబడమంటే నిలబడేది. ఇప్పుడు ఏం చెప్పినా "ఎందుకు?" అంటోంది. సంపూర్ణాన్ని ఒక్క మాటంటే మధ్యలో దూరి నా మీదికొస్తోంది. పూజలో అందరూ మోకరిస్తే తను వెనక స్తంభం దగ్గర నిలబడి ఏడ్చింది. ఎందుకేడ్చావే అంటే తెలీదంటోంది. పోయిన వారం కుట్టుపని పిల్లలతో కలిసి గుడివాడలో సినిమాకెళ్ళింది, నాకు చెప్పకుండా! ఉపదేశి గారి అమ్మాయి! అడిగితే, చెబితే పంపేదానివా అని నన్నే ఎదురు ప్రశ్న వేసింది. అద్దం ముందు కూర్చుంటే లేవదు. చిన్నపిల్లలు ఆటకు పిలిస్తే విసుక్కుంటోంది.

(పిన్నీ, ఇది నేను కలుపుతున్నాను. సినిమాకెళ్ళింది నిజమే. పూజలో ఏడ్చింది కూడా నిజమే. ఎందుకో నాకు నిజంగా తెలీదు. అప్పుడు పాడుతున్న పాట అంతకుముందు వందసార్లు పాడిందే. ఆ రోజు అందులో ఏముందో మొదటిసారి వినబడినట్టయింది. అమ్మ ఏంటే ఇంతసేపు రాస్తున్నావంటోంది. స్పెల్లింగు వెతుకుతున్నానన్నాను.)

మోతాదు తగ్గించమని డాక్టరమ్మను అడుగు. ఒంటికి పనిచేసి నోటికి పనిచెయ్యని మాత్ర ఉందేమో కనుక్కో. డబ్బున్నవాళ్ళు అలాంటివే వాడుతుంటారు.

సువార్తమ్మ వదినకు ఇంకా చెప్పలేదు. సమయం చూసి చెబుతాను.

తెరేసమ్మ


విజయవాడ
7 సెప్టెంబరు 1974

అక్కా,

నీ ఉత్తరం స్టాఫ్ రూములో చదివి పైకే నవ్వాను. తరవాత ఒళ్ళు మండింది. ఒంటికి పనిచేసి నోటికి పనిచెయ్యని మాత్ర కావాలా? అలాంటిదే ఉంటే ఈ దేశంలో సగం ఇళ్ళవాళ్ళు కూతుళ్ళకు పాలల్లో కలిపి తాగించేవాళ్ళు.

నువ్వు రాసిన ఫిర్యాదులన్నీ చూస్తే మందు పనిచేస్తోందని తెలుస్తోంది. ఎందుకు అని అడుగుతోంది, స్నేహితులతో సినిమాకెళ్ళింది, చెల్లెలి తరఫున నిలబడింది, ఏడుపొచ్చినప్పుడు ఏడ్చింది. సంపూర్ణం పదమూడో ఏట ఇవన్నీ చేస్తే వయసని ఊరుకున్నావు. మార్త పదిహేడో ఏట చేస్తే జబ్బంటావా? దానికి నాలుగైదేళ్ళ బాకీ ఉంది. అది ఒక్క ఏడాదిలో చెల్లిస్తుంటే ఇల్లు కదిలినట్టే ఉంటుంది మరి. కదలనీ.

నేను పాఠంలో ఆడపిల్లలకు ఈ సంగతే చెప్పాను, ఊరూ పేరూ లేకుండా. క్లాసంతా ఊపిరి బిగబట్టి విన్నారు.

మోతాదు తగ్గదు, పెరుగుతుంది. కొత్త మందుల చీటీ ఇందులో పెట్టాను. సువార్తమ్మ వదినకు చెప్పు. సమయం చూడ్డం మానేసి చెప్పు.

అమల


కొత్తలంక
16 డిసెంబరు 1974

అమలా,

అయింది. పోయిన శుక్రవారం. మరియమ్మ తల్లి దగ్గర కొవ్వొత్తి వెలిగించి వచ్చాను. ఎవరికీ చెప్పలేదు. పోయిన జనవరిలో ఊరంతట్నీ పిలిచి కూర్చోబెట్టాక ఇప్పుడు మళ్ళీ అయిందని ఏ నోటితో చెప్పను?

(నిజంగా అయిన రోజు అమ్మ నన్ను రోజూలాగే తిరగమంది, ఎవరికీ అనుమానం రాకూడదని. కడుపులో మెలిపెడుతుంటే కాలవ నుంచి బిందె మోసుకొచ్చాను. ఏమీ కానప్పుడు చాప వేసి, ఓణీ కప్పి, చిమ్మిలి నోట్లో పెట్టారు. ఈసారి కొంచెం చేసిపెట్టమని నేనే అడిగాను పిన్నీ. ఇంట్లో నువ్వులు లేవంది. డబ్బా నిండా ఉన్నాయి. చేస్తే వాసనకి పక్కింటి వాళ్ళు అడుగుతారని భయం.)

కావాల్సింది అయింది కాబట్టి మాత్రలు మాన్పించాను. ఇచ్చేది లేదని చెప్పినా పెట్టె తీసి వేసుకుంటుంటే, ఉన్నవన్నీ తీసుకెళ్ళి కాలవలో పారేశాను. నీకు కోపం రానీ. నాకు నా మునుపటి మార్త కావాలి. నోట్లో నాలుక లేని పిల్ల, ఎవరింటికెళ్ళినా సర్దుకుపోయే పిల్ల. ఇప్పుడున్న దీన్ని తీసుకెళ్ళి వదిన ఇంట్లో దింపితే నెల తిరక్కుండా తిప్పి పంపుతుంది. నన్నడిగే అంతోనికి ఇస్తున్నారా అందిట నిన్న సంపూర్ణంతో.

పెళ్ళి జనవరి ఆఖరి వారం అనుకున్నాం. వదినకు పెళ్ళయ్యాక చెబుతాను. పిల్లలు పుట్టేదుంటే పుడతారు. పుట్టకపోతే అప్పుడు చూద్దాం, ఎంతమందికి పుట్టడంలేదు?

(ఇక్కడ అమ్మ నా గురించి ఒక మాట చెప్పింది. అది నేను రాయను. రాశావా అంది. రాయలేదన్నాను. కొట్టింది. అయినా రాయలేదు.)

నువ్వు పెళ్ళికి రా. నీతులు ఇంట్లో పెట్టి రా.

తెరేసమ్మ


విజయవాడ
23 డిసెంబరు 1974

తెరేసమ్మకు,

అక్కా అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

జ్వరమొచ్చిన పిల్ల నోట్లోంచి మందు లాగి కాలవలో పోసిన తల్లిని నేనింతవరకు చూడలేదు. నీకు కావాల్సింది ఒక మరక. అది కనబడింది, ఇక పిల్ల ఎలా పోయినా ఫరవాలేదు. ఎముకలు గట్టిపడకపోయినా ఫరవాలేదు, మనసు సగంలో ఆగిపోయినా ఫరవాలేదు. ఆగిపోతే మరీ మంచిది నీకు! నోరు లేని పిల్ల కావాలన్నావు. నోరు లేని పిల్లను పదిహేడేళ్ళు పనికి వాడుకున్నావు, ఇప్పుడు అలాగే ఇంకో ఇంటికి అప్పజెబుదామనుకుంటున్నావు. మొదట ఊరిని మోసం చేశావు, తరవాత బావను, తరవాత స్వాములవారిని, ఇప్పుడు సువార్తమ్మ వదినను. ఇంతమంది మధ్యలో ఎక్కువ మోసపోయింది ఎవరో నీకు తట్టనే తట్టదు.

నువ్వు ఎత్తిపొడుస్తావని తెలుసు, నాకు పెళ్ళీ పిల్లలూ లేరని. లేరు. అయినా ఇంత మాత్రం తెలుసు, పిల్ల పెద్దదవ్వాలంటే మొత్తంగా అవ్వాలి. నీకు పనికొచ్చేంత వరకు అయి ఆగడానికి అదేమన్నా జాకెట్టు కుట్టడమా?

నువ్వు చెప్పవని తేలిపోయింది. అందుకని నేనే గన్నవరం రాశాను. డాక్టరమ్మ చెప్పిందీ, నువ్వు చాప వేసి ఆడించిన నాటకమూ, అంతా వివరంగా సువార్తమ్మ వదినకు రాసి ఇవాళ పొద్దున్నే పోస్టు చేశాను. ఇక పెళ్ళెలా చేస్తావో చెయ్యి.

అమల


కొత్తలంక
12 జనవరి 1975

పిన్నికి,

మార్త రాసేది. ఇది అమ్మ చెబుతుంటే రాస్తున్నది కాదు. నా అంతట నేను నీకు రాస్తున్న మొదటి ఉత్తరం. ఇంతకుముందు ఎందుకు రాయలేదో ఇప్పుడు ఆలోచిస్తే, నాకు చెప్పాల్సిన సంగతి ఏదైనా ఉంటుందని నాకు తోచలేదు. నీకూ తోచలేదు, అమ్మకూ తోచలేదు.

ఈ నెల ఆరున, ముగ్గురు రాజుల పండగ నాడు సువార్తమ్మ అత్త వచ్చింది. పూజ అయ్యాక జనమంతా గుడి ముందు నిలబడి ఉన్నారు. అక్కడే నీ ఉత్తరం తీసి చదివింది. మెల్లగా కాదు. గ్రంథి దగ్గర మొదలుపెట్టి, మణికట్టు ఎక్స్‌రే, నా ఒళ్ళు ఎక్కడెక్కడ ఎదగలేదో, చాప, అన్నీ. నువ్వు బాగా వివరంగా రాశావు పిన్నీ. క్లాసులో చెప్పినట్టు ఎవరికైనా అర్థమయ్యేలా రాశావు. పక్కింటి మాణిక్యమ్మ గారి మనవడికి కూడా అర్థమైంది, ఇప్పుడు నేను వీధిలో వెళ్తుంటే వాడు మణికట్టు చూపిస్తున్నాడు.

సువార్తమ్మ అత్తకు తెలియకూడదని నేననడం లేదు. తెలియాలి. కానీ ఆ సంగతి నాది. నన్నొక్క మాట అడిగితే నీకేం పోయేది? అమ్మ నాకు చెప్పకుండా దాచింది, నువ్వు నాకు చెప్పకుండా బయటపెట్టావు. నాకు రెంటికీ పెద్ద తేడా కనబడటం లేదు.

నీ ఉత్తరం రాకముందే నేను నాన్నకు చెప్పాను. క్రిస్మసు రెండో రోజు నాన్న గుడి గంట తాడు మారుస్తుంటే వెళ్ళి, మొదట్నుంచీ అంతా చెప్పాను. మగాళ్ళకెందుకని అమ్మ అంటుంది కదా, నాన్న చెవులు ఎర్రబడ్డాయి, తాడు వంకే చూస్తూ విన్నాడు. చాపతో సహా అంతా విన్నాక, స్వాములవారి చేత అబద్ధానికి ప్రార్థన చేయించామా అన్నాడు. చాలా కోపమొచ్చింది నాన్నకు. ఇంట్లో అరిచాడు. ఆయన అరవడం నేనెప్పుడూ వినలేదు. కానీ ఆయనకు కోపమంతా ప్రార్థన గురించే. అప్పుడు నాకూ కోపమొచ్చింది. ప్రార్థన సంగతి తరవాత నాన్నా, నా మాత్రలు కాలవలో ఉన్నాయి, అన్నాను. మర్నాడు నువ్వు పంపిన చీటీ పట్టుకుని గుడివాడ వెళ్ళి తెచ్చాడు. అవి ఇప్పుడు నా పెట్టెలో ఉన్నాయి. తాళంచెవి నా మెడలో ఉంది.

అంతోని బావకు కూడా నేనే చెబుదామనుకున్నాను. ఏమని చెప్పాలో మాటలు కూడబెట్టుకున్నాను కూడా. వాళ్ళమ్మ గుడి ముందు చదువుతుంటే అతను సైకిలు పట్టుకుని దూరంగా నిలబడ్డాడు. నేనే వెళ్ళాను, అందరూ చూస్తుండగానే. మాత్రలు ఆపనని చెప్పాను. పిల్లల సంగతి ఎవరికీ తెలీదన్నాను. ఈ ఏడు పెళ్ళి చేసుకోనన్నాను. మరి వచ్చే ఏడు అన్నాడు. నాకే తెలీదు, నాకిప్పుడిప్పుడే ఆలోచన వస్తోంది, అది పూర్తిగా రానివ్వమన్నాను. సరే మార్తా అన్నాడు.

నీమీద ఇంకో కోపం కూడా ఉంది. కోడెల గురించి రాశావు, మంద గురించి రాశావు. అమ్మకు అవన్నీ చదివి వినిపించింది నేనే కదా. నేను ఎదురు చెబితే మందు పనిచేస్తోందని నువ్వు నవ్వావు. అదే మాటకు అమ్మ, మందు పాడుచేసిందని ఏడ్చింది. నాకు కోపమొచ్చింది ఎందుకో మీరిద్దరూ అడగలేదు. ఉత్తుత్తి చాప మీద కూర్చోబెట్టినందుకు వచ్చింది. నిజం రోజున బిందె మోయించినందుకు వచ్చింది. నా సంగతి నాచేతే రాయించినందుకు వచ్చింది. చాప మీద కూర్చున్నప్పుడు కూడా లోపల ఏదో ఉండే ఉంటుంది, అప్పుడది ఏమిటో నాకు తెలీలేదు. మాత్ర వల్ల అది మాటగా బయటికొచ్చిందేమో, ఆ సంగతి చదువుకున్నదానివి నువ్వే చెప్పాలి. కానీ కోపం మాత్రం మాత్రలో లేదు పిన్నీ. కారణం మీ దగ్గరుంది.

అమ్మ వారం రోజులు నాతో మాట్లాడలేదు. గుడికి కూడా తల వంచుకునే వెళ్ళి వస్తోంది. ఊళ్ళోవాళ్ళు నన్ను చూసి గుసగుసలాడితే నాకు కోపమొస్తోంది, అమ్మను చూసి గుసగుసలాడితే ఏడుపొస్తోంది. తను భయపడింది, నాకోసమే భయపడింది, అది నాకు తెలుసు. అందుకని చేసింది తప్పు కాకుండా పోదు. ఈ రెండూ ఒకేసారి అనిపించడం నాకు కొత్త. ఇదివరకైతే అమ్మ ఏడిస్తే నేనూ ఏడ్చేదాన్ని, అమ్మ నవ్వితే నవ్వేదాన్ని.

ఈ ఉత్తరం ఇంతవరకు అమ్మకు చదివి వినిపించాను. ఒక్క మాట తియ్యలేదు, ఒక్క మాట కలపలేదు. ఇదంతా నిజంగా పంపిస్తావా అంది. పంపిస్తానన్నాను. మీ పిన్ని చదువుకుని బాధపడుతుందే అంది. పడనీ అన్నాను. పెళ్ళి మాట మాత్రం ఇక ఎత్తనని అనలేదు.

వచ్చే నెల గుణదల తిరునాళ్ళకు నాన్నా, అమ్మా, నేనూ వస్తున్నాం. ఆ మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాలి. పోయినసారి ఆమె ఏది అడిగినా మీ ఇద్దర్నే అడిగింది, మీరే జవాబులు చెప్పారు. నాకెక్కడ నొప్పో అమ్మ చెప్పింది, నాకేం అర్థం కాదో నువ్వు చెప్పావు. ఈసారి లోపలికి నేనొక్కదాన్నే వెళ్తాను. మీరు బయట కూర్చోండి. ఆమె చెప్పినదాంట్లో మీకేది చెప్పాలనిపిస్తే అది వచ్చి చెబుతాను. మిగతాది అడగొద్దు.

మార్త